శీలసంపద: కందుకూరి దంపతుల జీవితం నుంచి ఒక ఘట్టం

శీలం అనే మాట మనం నిత్యమూ వినేదే. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనే యువకుడు తన శీలాన్ని గురించి ఎవరో ఒక పెద్దమనిషిచేత యోగ్యతాపత్రం వ్రాయించుకొని దానికి జతపరుస్తాడు. సంబంధం కుదుర్చుకోవచ్చిన పెద్దలు వరుని చదువూ, జీతమూ, ఆస్తిపాస్తులూ విచారించిన తరువాత, ఇక లేవబోతూ, "కుర్రవాడి నడత ఎటువంటిదండీ?" అని ఇరుగుపొరుగులను అడుగుతారు. అడిగే ఆ చివరి ప్రశ్నలోనే వారి అసలు ఆదుర్దా అంతా ఉంటుంది. తక్కినవన్నీ పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఇది లేకపోతే ఉన్నవి కూడా నిలువవు అని వారికి తెలుసు.

ఐతే, ఆ శీలమంటే ఏమిటి అని నిలవేసి అడిగితే సమాధానం చెప్పడం అంత సులభం కాదు. సాధారణంగా మనం లేనివాటి జాబితా చెబుతాము. త్రాగుడు లేదు, పేకాట లేదు, అప్పులు లేవు, ఎవరి జోలికీ పోడు అంటాము. ఇవన్నీ మంచివే. కాని ఎవరి జోలికీ పోకపోవడమే శీలమైతే, అరుగు మీద కూర్చుని వీధిలో జరిగే అన్యాయాన్ని చూస్తూ ఊరుకున్నవాడు కూడా శీలవంతుడే కావలసి వస్తుంది. అందుకు మన మనస్సు ఒప్పుకోదు.

మాటలోనే కొంత సమాధానం ఉన్నది. సంస్కృతంలో శీలమంటే స్వభావం, అలవాటు. దానశీలుడు అంటే ఒకనాడు ఆవేశంలో చేతికి దొరికినది ఇచ్చినవాడు కాదు, ఇవ్వడం స్వభావమైనవాడు. సహనశీల అంటే ఒక్కసారి ఓర్చుకున్న స్త్రీ కాదు. ఓర్పు అలవాటైన స్త్రీ. కాబట్టి శీలమనేది ఒక్కరోజు చేసే ఘనకార్యం కాదు. పదిమందీ చూసే రోజున బయటపడినా, అది తయారయ్యేది ఎవరూ చూడని రోజులలో. నిలిచేది చూసినవారందరూ ఇళ్ళకు వెళ్ళిపోయిన తరువాత.

మన వాడుక ఈ మాటకు మరొక అన్యాయం చేసింది. పురుషుని విషయంలో శీలమంటే సత్యమూ, ధైర్యమూ, నిజాయితీ అనే విశాలమైన అర్థం చెప్పుకొని, స్త్రీ విషయానికి వచ్చేసరికి ఆ మాటను ఒక్క పాతివ్రత్యానికే కుదించివేశాము. అందులోనూ భర్త పోయిన స్త్రీ అయితే ఆమె శీలానికి ఊరంతా కాపలాదారులే. ఆమె నవ్వినా తప్పే, గుమ్మంలో నిలబడినా తప్పే. ఐదారేళ్ళ ప్రాయంలో పెళ్ళి జరిగి, ఆ పెళ్ళి ఏమిటో తెలియకముందే భర్తను పోగొట్టుకున్న పసిబిడ్డకు కూడా ఆ కాపలా తప్పలేదు.

ఈ రెండు అర్థాలూ ఎదురుబొదురుగా నిలిచి పోరాడిన ఘట్టం ఒకటి మన చరిత్రలో ఉన్నది. అది జరిగిన చోటు గోదావరి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరం. జరిగిన దినం 1881 డిసెంబరు 11. ఆనాడు కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ ఇంట ఒక బాలవితంతువుకు వివాహం జరిపించారు. తెలుగుదేశంలో బాహాటంగా సంస్కర్తల పూనికతో జరిగిన మొట్టమొదటి వితంతు వివాహంగా దానిని చెప్పుకొంటాము. పాఠ్యపుస్తకాలలో ఆ సంగతి ఒక్క వాక్యం. ఆ వాక్యానికి ముందూ వెనుకా ఉన్న సంగతులే ఈనాటి మన ప్రస్తావన.

మొదట గుర్తుంచుకోవలసినది, ఆ వివాహం చట్టవిరుద్ధం కాదు. అప్పటికి 25 సంవత్సరాల క్రితమే, 1856లో, ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలితంగా హిందూ వితంతువుల పునర్వివాహాన్ని అంగీకరిస్తూ 15వ చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కలకత్తాలో ఆ చట్టం క్రింద మొదటి వివాహం జరిగింది. విద్యాసాగరులు ఇతరుల బిడ్డలకు చెప్పి ఊరుకోలేదు. 1870లో తమ కుమారుడు నారాయణచంద్రునికి వితంతువునే వివాహం చేశారు. శాస్త్రంలో ప్రమాణాలు ఉన్నవని వాదించిన పండితులు ఆయనతోపాటు దేశంలో అక్కడక్కడ లేకపోలేదు. అంటే చట్టం అనుమతించింది, శాస్త్రం అడ్డు కాదని చెప్పేవారూ ఉన్నారు. ఐనా తెలుగునాట పాతిక సంవత్సరాలు ఆ చట్టం కాగితం మీదనే ఉండిపోయింది.

ఎందువల్ల? అభిప్రాయాలు లేక కాదు. ఆంగ్లవిద్య నేర్చిన యువకులు ఎందరో ఆ సంస్కరణ అవసరమని ఒప్పుకొనేవారే. సభలలో చప్పట్లు కొట్టేవారే. ఐతే అభిప్రాయం వేరు, శీలం వేరు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నాటకం, 1892లో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయింది, ఈ భేదాన్ని మన కళ్ళకు కట్టించింది. అందులో గిరీశం వితంతు వివాహాన్ని గురించి మాట్లాడలేని మాట లేదు. ఆధునిక భావాలన్నీ అతని నాలుక చివర ఉంటవి. ఏ మాటకూ అతడు వెల చెల్లించడు. మీదుమిక్కిలి ప్రతి మాట వల్లా తనకు ఏదో ఒక లాభం చూసుకుంటాడు. తెలుగువారు గిరీశాన్ని చూసి నవ్వుకుంటారు. ఆ నవ్వులో మనల్ని మనం గుర్తుపట్టిన సిగ్గు కూడా కొంత కలిసి ఉంటుంది.

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. నాలుగేళ్ళ వయస్సులో తండ్రి సుబ్బారాయుడుగారు పోయారు. తల్లి పున్నమ్మగారూ, పెదతండ్రి వెంకటరత్నంగారూ పెంచారు. ఒకప్పుడు కలిగిన కుటుంబమే ఐనా ఈయన నాటికి ఆ సిరి చాలవరకు తరిగిపోయింది. శరీరం చూస్తే బక్కపలుచన. దగ్గు జీవితమంతా ఆయనను విడువలేదు. ఊరిని ఎదిరించగల మనిషి అని చూపరులకు తోచే రూపం కాదు.

ఆయన శీలం ఎక్కడ తయారయింది అని వెదికితే, 1881 నాటి పెళ్ళిపందిరిలో కాదు, అంతకు పదేళ్ళ ముందు చేసిన చిన్నచిన్న నిర్ణయాలలో దాని జాడ దొరుకుతుంది. చదువుకున్న యువకునికి ఆనాడు రెండు రాచబాటలు ఉండేవి. ఒకటి సర్కారు కొలువు, రెండవది వకీలు వృత్తి. మొదటిదానిలో లంచాలకు లోబడక తప్పదనీ, రెండవదానిలో అసత్యమాడక తప్పదనీ ఆయనకు తోచింది. ఆ రెండింటినీ కాదని, వాటికంటె ఎంతో తక్కువ రాబడి గల ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. సర్కారు కొలువులో నీతిమంతులు ఉండరని కాని, వకీళ్ళందరూ అసత్యవాదులని కాని మనం అనుకోనక్కరలేదు. తన బలమూ, తన బలహీనతా ఎరిగి, తనను జారుడు నేల మీద నిలబెట్టే పనిలోనికి దిగకపోవడం ఆయన చూపిన వివేకం. ఆ కాదనడాన్ని ఎవరూ పొగడలేదు, ఏ పత్రికా ప్రకటించలేదు.

కోరంగిలోనూ, ధవళేశ్వరంలోనూ బడిపంతులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో ఉండగా వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. ఆడపిల్లలకు అక్కడ పాఠశాల పెట్టారు. ఆ పత్రికలో ఆయన మూఢాచారాలను ఎంతగా ఖండించారో, కచేరీలలోని లంచగొండితనాన్నీ, న్యాయస్థానాలలోని అక్రమాలనూ అంతగా బయటపెట్టారు. పత్రిక నడిపేవాడు చిన్న జీతగాడైన బడిపంతులు; విమర్శకు గురి అయిన వారు అధికారులు, ధనికులు. అప్పటినుంచే ఆయనకు శత్రువులు ఏర్పడ్డారు. ఒకందుకు అది మేలే అయింది. ఊరిలో సగంమందికి తాను గిట్టకపోయినా బ్రతకడం ఎట్లాగో 1881 నాటికి ఆయన అలవాటు చేసుకొని ఉన్నారు.

రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితులుగా చేరిన తరువాత, 1879లో, వితంతు వివాహం విషయమై బహిరంగంగా ఉపన్యసించారు. శాస్త్రప్రమాణాలు ఎత్తి చూపారు. పండితులు ఖండించారు, ఆ ఖండనకు సమాధానంగా ఆయన మళ్ళీ ఉపన్యసించారు. సభలలో వాదోపవాదాలు, పత్రికలలో వ్యాసాలు సాగినవి. ఇక్కడితో ఆగిపోయి ఉంటే వీరేశలింగంగారు తెలుగువారిలో ఒక మంచి వాదనాపరునిగా మిగిలిపోయేవారు. ఐతే ఆయనకు వాదంలో గెలవడం ప్రధానం కాలేదు. వధువు ఎవరు, వరుడు ఎవరు, ఏ ఇంట జరగాలి, ఖర్చు ఎవరు భరించాలి అనే ప్రశ్నలు మిగిలినవి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేయడానికి ముందుకు వచ్చారు. పంతులుగారి శిష్యులు, ముఖ్యంగా బసవరాజు గవర్రాజు వంటి యువకులు, అండగా నిలిచారు.

వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ అనే బాలవితంతువు. తల్లి సమ్మతితోనే ఐనా ఆ పిల్లను కృష్ణాజిల్లా నుంచి రహస్యంగా తీసుకురావలసి వచ్చింది. సంగతి పొక్కగానే పట్టణం అట్టుడికినట్లు ఉడికింది. పెళ్ళినాడు పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. కళాశాల విద్యార్థులు కాపలా కాశారు. వేలాది జనం వీధులలో గుమిగూడి ఉండగా మంత్రాలు చదివారు, మంగళసూత్రం కట్టించారు. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండవ వివాహం కూడా జరిగింది.

మన కథలు చాలావరకు ఇక్కడ ముగుస్తవి. పెళ్ళి జరిగింది, ధర్మం జయించింది, మంగళం. ఐతే శీలాన్ని గురించి తెలుసుకోగోరే వారికి అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

పెళ్ళి మరునాటి నుంచి వెలి ప్రారంభమయింది. పీఠాధిపతి వద్దనుంచి బహిష్కార శ్రీముఖం వచ్చింది. ఆ పెళ్ళికి వెళ్ళినవారూ, అక్కడ భోజనం చేసినవారూ కులానికి వెలుపలివారని ప్రకటించారు. పురోహితుడు ఆ గడప తొక్కడు. వంటవాడు మానివేశాడు. నీళ్ళు మోసేవారు రారు. ఇరుగుపొరుగుల నూతిలో చేద వేయనివ్వరు. శుభకార్యానికి పిలుపు లేదు, అశుభానికి పలకరింపు లేదు. సంఘం ఎవరినీ కర్రతో కొట్టలేదు. వారి ఇంటిలో నీళ్ళకుండ ఖాళీగా ఉండేటట్టు చేసింది, అంతే. ఆవేశంతో ప్రాణమైనా ఇవ్వగలవారు ఉంటారు. ప్రతి ఉదయమూ ఖాళీకుండను చూసి కూడా మనస్సు మార్చుకోని వారు అరుదు.

పెళ్ళికి వచ్చిన మిత్రులలో ఎందరో ఆ తరువాత ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. తాము చేసినది తప్పు అని ఒప్పుకొని, చేయవలసిన విధి చేసి, చెల్లించవలసినది చెల్లించి, మళ్ళీ కులంలో కలిశారు. వారిని మనం ఈనాడు పిరికివారని తేలికగా తీసివేయరాదు. ఆ కాలంలో కులమంటే ఒక పేరు మాత్రమే కాదు. బిడ్డకు సంబంధం దొరకడం, తండ్రి తద్దినానికి భోక్త దొరకడం, కష్టకాలంలో అప్పు పుట్టడం, చివరికి పోతే మోయడానికి నలుగురు దొరకడం - ఇవన్నీ దాని చేతిలోనే ఉండేవి. పెళ్ళికెదిగిన కూతురు ఇంట ఉన్న తండ్రి, సంస్కరణ మంచిదని మనఃపూర్వకంగా నమ్మి కూడా, ఆ పిల్ల ముఖం చూసి లొంగిపోయి ఉంటాడు. వారి అభిప్రాయాలు మారలేదు. వెల చెల్లించవలసిన గడియ వచ్చినప్పుడు వారి చేతిలో చాలినంత నిల్వ లేకపోయింది. శీలాన్ని సంపద అనడంలోని ఔచిత్యం ఇదే. ముందుగా కూడబెట్టుకోనిది అవసరానికి చేతికి అందదు.

ఇట్టి సమయంలో ఆ ఇంటిని నిలబెట్టినది ఎవరు? ఇక్కడే మన చరిత్ర గ్రంథాలు కొంత పొదుపుగా మాట్లాడతవి. ఆమె పేరు రాజ్యలక్ష్మమ్మగారు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో, వరునికి 13 ఏళ్ళూ, వధువుకు 8 ఏళ్ళూ ఉండగా వారి వివాహం జరిగింది. బాల్యవివాహాలను జీవితమంతా ఖండించిన మనిషికి తానే బాల్యంలో వివాహం జరిగిందన్నమాట. ఆమెకు కళాశాల చదువు లేదు. సభలలో ఉపన్యాసాలు చేయలేదు. శాస్త్రవాదాలలో పాల్గొనలేదు.

భర్త ఇంట వితంతు వివాహం తలపెట్టినప్పుడు ఆమెను పుట్టింటివారు, బంధువులు, ఊరి ఆడవారు వచ్చి ఎన్నో విధాల బోధించారు. పెంచిన మేనమామ తమతో వచ్చివేయవలసిందని పట్టుబట్టారు. ఆ కాలపు స్త్రీకి పుట్టింటి దారి మూసుకుపోవడమంటే ఏమిటో మన ఇళ్ళలోని వృద్ధురాళ్ళు ఎరుగుదురు. ఐనా ఆమె భర్తను విడిచి వెళ్ళలేదు. ఇక్కడ కొందరు, అది పతిభక్తి, అంతకంటె ఏముంది అనవచ్చు. పతిభక్తే ఐతే ఇంట ఒక మూల కన్నీరు పెట్టుకుంటూ కూర్చుని ఉన్నా చాలును. ఆమె అట్లా కూర్చోలేదు. వంటవారు మానివేస్తే వంట తానే చేశారు. నీళ్ళవారు రాకపోతే బిందె చంకనెత్తుకొని గోదావరికి తానే వెళ్ళారు. వచ్చిన వధూవరులకు, వారి పక్షాన నిలిచిన యువకులకు, తానే వండి వడ్డించారు. తరువాతి సంవత్సరాలలో తమ ఆశ్రయం కోరి వచ్చిన దిక్కులేని వితంతువులకు తల్లి అయ్యారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఆ ఇంట మాత్రం ఆడపిల్లల సందడి కరువు కాలేదు.

గోదావరి గట్టు మీద ఆ బిందెతో నడిచి వచ్చిన స్త్రీని తలచుకుంటే, శీలం అనే మాటను స్త్రీ విషయంలో మనం ఎంత కురచ చేశామో తెలుస్తుంది. దారిలో చూసి ముఖం త్రిప్పుకున్నవారు ఉండి ఉంటారు. రేవులో దూరంగా జరిగినవారు ఉండి ఉంటారు. ఒక్కరోజు కాదు, రెండు రోజులు కాదు. ఆమె ధైర్యాన్ని ఏ సభా చప్పట్లతో అభినందించలేదు. ఐనా ఆ బిందెడు నీళ్ళు రానినాడు పంతులుగారి ఉపన్యాసాలన్నీ ఆ మరునాడే ప్రాయశ్చిత్తం చేసుకోవలసి వచ్చేవి.

ఆ తరువాత మరొక పరీక్ష వచ్చింది. ఇది శత్రువులు పెట్టినది కాదు. మేలు పొందినవారు పెట్టినది. పునర్వివాహం చేసుకోవడానికి ముందుకు వచ్చిన వరులందరూ ఆదర్శంతోనే రాలేదు. ధనసహాయం దొరుకుతుందని వచ్చినవారు ఉన్నారు. ఉద్యోగం ఇప్పిస్తారని వచ్చినవారు ఉన్నారు. పెళ్ళి అయిన తరువాత ఇంకా ఇమ్మని పేచీలు పెట్టినవారు ఉన్నారు. పురుడు వచ్చినా, పండుగ వచ్చినా పుట్టింటి బాధ్యత అంతా ఆ దంపతులదే. ఎవరి కోసం ఊరితో వైరం తెచ్చుకున్నామో, వారే తమ మీద నింద వేసిన సందర్భాలు ఉన్నవి. ఊరు వెలివేసినా చలించని మనిషిని కూడా కృతఘ్నత క్రుంగదీయగలదు. ఎందుకంటే వెలి మనం తప్పు చేశామని మాత్రమే అంటుంది. కృతఘ్నత మనం వృథాగా చేశామంటుంది.

వీరేశలింగంగారు ఆ సంగతులన్నీ తమ స్వీయచరిత్రలో దాపరికం లేకుండా వ్రాసుకున్నారు. వ్రాసి, పని మానలేదు. ఆయన పూనికతో సుమారు 40 వితంతు వివాహాలు జరిగినవని చెబుతారు. వరుడు లోభి ఐనంతమాత్రాన వధువుకు జీవితం అక్కరలేకుండా పోదు కదా! చేసే పని సరియైనదా కాదా అన్నది ఆయనకు కావలసిన లెక్క. అది పొందినవారు నమస్కరించారా లేదా అన్నది వేరే లెక్క. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా వ్రాసుకోగలగడం శీలవంతుని లక్షణాలలో ఒకటి.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి ఆయనలో లోపాలు లేవని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆయన కలం చాలా పదునైనది. హాస్యసంజీవనిలోనూ, ప్రహసనాలలోనూ ప్రత్యర్థులను ఎగతాళి చేసినప్పుడు ఆ పదును ఒక్కొక్కప్పుడు హద్దు దాటింది. తనతో ఏకీభవించనివారిలోనూ మంచి ఉండవచ్చునని ఒప్పుకొనే ఓపిక ఆయనకు అన్ని వేళలా ఉండేది కాదు. చివరి కాలంలో ఒకప్పటి అనుచరులే కొందరు దూరమయ్యారు, వ్యాజ్యాలు వచ్చినవి. ఆ మనస్తాపంతో ఆయన చాలా నలిగారు. ఈ సంగతులు చెప్పడం ఆయనను తగ్గించడానికి కాదు. శీలమంటే లోపరాహిత్యం అని భ్రమపడితే, అది దేవతలకే కాని మనుష్యులకు అందేది కాదని మనం నిస్పృహ చెందుతాము. తన స్వభావంలోని కరుకుదనంతోనే, తన దగ్గుతోనే, తన అప్పుల తోనే, చేయదగిన పనికి కట్టుబడి ఉన్న మనిషి ఆయన. మనకు పనికివచ్చే ఉదాహరణ అటువంటిదే.

1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తాము జీవితమంతా కూడబెట్టిన ఆస్తిని, పుస్తకాల మీద వచ్చే రాబడితో సహా, దానికి అప్పగించారు. బడిపంతులుగా పనిచేసి, నూటికి పైగా గ్రంథాలు వ్రాసి సంపాదించిన దానిలో తమదంటూ ఏమీ ఉంచుకోలేదు. ఈ నిర్ణయంలోనూ రాజ్యలక్ష్మమ్మగారి సమ్మతి ఉన్నది. పిల్లలు లేని వృద్ధ దంపతులు ఉన్న కాస్త ఆస్తినీ వ్రాసి ఇచ్చివేయడం ఎంత తెగువో వేరుగా చెప్పనక్కరలేదు. 1910లో ఆమె కన్నుమూశారు. ఆమె పోయిన తరువాత ఆయన తొమ్మిదేళ్ళు ఒంటరిగా జీవించారు. 1919 మే 27న మద్రాసులో పరమపదించారు.

ఒకప్పుడు నీళ్ళకుండ కూడా నిండనివ్వని ఊరు, ఇప్పుడు ఆయన పేరును తన గర్వకారణాలలో ఒకటిగా చెప్పుకొంటుంది. చరిత్రలో ఇటువంటి మార్పులు మామూలే. కాలం గడచిన తరువాత విగ్రహానికి పూలమాల వేయడానికి ఎవరికీ వెల పడదు. 1881లో మనమే ఆ వీధిలో ఉండి ఉంటే, మన ఇంట పెళ్ళికెదిగిన పిల్ల ఉండి ఉంటే, మనం ఏమి చేసి ఉండేవారమన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకోవడం కొంచెం కష్టమే. నా మట్టుకు నేను ప్రాయశ్చిత్తం చేసుకున్న మిత్రుల వరుసలో నిలబడనని ప్రమాణం చేయలేను.

ఐతే దానివల్ల నిరాశ పడనక్కరలేదు. శీలం పుట్టుకతో వచ్చే వరమైతే లేనివారు చేయగలిగినది ఏమీ లేదు. అది అలవాటైతే ఎవరైనా, ఏ వయస్సులోనైనా, ప్రారంభించవచ్చు. ఈనాటి మన జీవితంలో ఊరంతా కలిసి వెలివేసే సందర్భాలు తగ్గినవి. చిన్న పరీక్షలు మాత్రం తగ్గలేదు. కచేరీలో ఫైలు కదలడానికి చేయి తడపమన్నప్పుడు, తూకంలో నాలుగు గ్రాములు మిగుల్చుకొనే అవకాశం దొరికినప్పుడు, కొడుకు పెళ్ళిలో "మేము అడగలేదు, వారే ఇచ్చారు" అని కట్నం పుచ్చుకొనే వేళ, పదిమందిలో ఒక అమాయకుని మీద లేని నింద వేస్తూంటే నోరు మెదపక కూర్చున్న వేళ, మనం ఒక్కొక్క కాసుగా కూడబెట్టుకోనైనా కూడబెట్టుకుంటాము, పోగొట్టుకోనైనా పోగొట్టుకుంటాము. చూసేవారు ఎవరూ ఉండరు. పత్రికలు వ్రాయవు. ఐనా ఆ లెక్క ఎక్కడో పడుతూనే ఉంటుంది.

పిల్లలకు శీలాన్ని గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా మహాపురుషుల మహత్తర దినాలను చెబుతాము. చెప్పవలసిందే. దానితోపాటు ఆ మహత్తర దినానికి ముందటి సాధారణమైన రోజులను కూడా చెప్పాలి. ఎక్కువ రాబడి గల కొలువు వద్దని బడిపంతులుగా చేరిన యువకుని సంగతి చెప్పాలి. ఆ మరునాటి రోజులను కూడా చెప్పాలి. అన్నిటికంటె ముఖ్యంగా, వీధి అంతా చూస్తూండగా గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చుకున్న ఆ ఇల్లాలి సంగతి చెప్పాలి. శీలమంటే ఏమిటి అని రేపు వారిలో ఎవరైనా మనల్ని అడిగితే, నిర్వచనం కోసం తడుముకోనక్కర లేకుండా, ఆమెను చూపించవచ్చు.